సద్దు నేర్పిన చెవిటి పెద్దాయన

సద్దు గురించి నాకు తెలిసినదంతా ఒక చెవిటాయన నేర్పినదే. మాలూరు నుంచి వచ్చి ఈ పాత బంగారు గనుల ఊరి మునిసిపాలిటీలో జూనియర్ హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తల్లో నాకు బాగా పరిచయమున్న సద్దులు రెండే. ఒకటి మా ఇంటి పక్క ఫ్యాక్టరీ సైరను, రెండోది మా అమ్మ. రెండూ ఏ చట్టానికీ లొంగే రకం కావు. పోయిన నెల ఒక పొద్దున, ఊరంతా మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వైపు పనులకు పోతుంటే, ఎప్పటిలాగే నేను మాలూరు నుంచి ఖాళీ రైల్లో ఎదురు వస్తుండగా, ఆ పెద్దాయన పోయాడని ఫోను వచ్చింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, బతికుండగా నన్ను ఆయన ఎంత సతాయించాడో గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఎదురు సీట్లో ఉన్నావిడ నా వాలకం చూసి బ్యాగు తీసుకుని వేరే చోటికి వెళ్ళి కూర్చుంది.

మా ఉద్యోగంలో సద్దును కొలవడం తేలిక. కొలిచే ముందు అది ఎక్కడిదో తేల్చడమే కష్టం. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు అడిగినట్టు, ఏ వాడ, చుట్టుపక్కల ఎవరుంటారు అని అడగాలి. ఇళ్ళ మధ్య అయితే పగలు యాభై ఐదు డెసిబెల్స్ దాటకూడదు. బజారులో అరవై ఐదు దాకా ఫరవాలేదు. ఫ్యాక్టరీలుండే చోట డెబ్భై ఐదు. ఆసుపత్రి, బడి, కోర్టు పక్కన యాభైతో సర్దుకోవాలి. అంటే అదే సద్దు బజారులో పెద్దమనిషి, ఇళ్ళ మధ్యకు వస్తే పోకిరి. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఎక్కువ హారన్లు మోగేది ‘హారన్ కొట్టరాదు’ అనే బోర్డు ముందరే. ఎవరైనా దాన్ని చదవడానికి బండి ఆపితే వెనకాల బండివాడు హారన్ కొడతాడు. కష్టపడి పరీక్ష రాసి నేను సంపాదించుకున్న జ్ఞానం ఇంతే.

ఆయన ఉండేది కోరమండల్ అనే పేటలో, గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన లైను ఇళ్ళలో. అక్కడ ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. ఒకరింట్లో తుమ్మితే పక్కింటివాళ్ళు ‘చిరంజీవ’ అంటారు. లైను కొసన ఆయన ఇల్లు, ఆ ఇంటి ముందు గదిలో ఆయన కోడలు నడిపే పిండి మిల్లు. గోడకు అవతల ఒక రిటైరైన టీచరమ్మ. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ఇప్పుడు సాయంత్రాలు లైనులో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. మిల్లు సద్దుకు తల పగిలిపోతోందనీ, పిల్లల మాట తనకు, తన మాట పిల్లలకు వినబడటం లేదనీ ఆమె మాకు అర్జీ పెట్టింది. అంత అందమైన చేతిరాతతో వచ్చిన అర్జీ నా సర్వీసులో మరొకటి లేదు. మిల్లుకు లైసెన్సు ఇచ్చేది మేమే కాబట్టి, ఆ ఏడు రెన్యూ చేసే ముందు సమాధానం చెప్పమని కోడలి పేరున నోటీసు పంపాము. నోటీసు పట్టుకుని మామగారు వచ్చాడు.

తెల్ల చొక్కా, మడిచి కట్టిన పంచ, చేతిలో వెదురు కర్ర. నా టేబులు ముందు నిలబడి, బల్ల మీద అరచేయి ఆనించి, “ఇన్‌స్పెక్టరమ్మ యాడ?” అన్నాడు. ఆ గొంతుకు పన్నుల సెక్షనులో గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు భూమి లోపల, రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషను పట్టుకున్న మనిషి. చెవులు అక్కడే వదిలేసి పైకి వచ్చాడు. చెవిటివాళ్ళ దగ్గర అందరూ చేసే పనే నేనూ చేశాను, గట్టిగా అరిచాను.

“నేనే తాతా! ఏమి కావాల?”

“అరవొద్దమ్మా. అరిస్తే నోరు వంకరైతాది, మాట కనబడదు. మెల్లగా చెప్పు.”

మాట కనబడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. మెల్లగా చెప్పాను. నా పెదాలు చూస్తూ అంతా అర్థం చేసుకుని, నోటీసును నా ముందు పరిచాడు.

“దీంట్లో మా లైనును ఏమని రాసినారు?”

“ఇండ్లుండే ఏరియా అని. యాభై ఐదు దాటకూడదు.”

“ఎవరు చెప్పినారు? గని కోసరం ఇండ్లు కట్టినారు గాని, ఇండ్ల కోసరం గని తవ్వినారా? ఇండస్ట్రియల్ అని రాయి. డెబ్భై ఐదు.”

“గని మూసి ఇరవై ఏండ్లు దాటె కదా తాతా.”

“గని మూసినారు. ఏరియాను ఎవరు మూసినారు?”

మా సీనియరును అడిగాను. ఆయన ఫైలు మూసేసి, “ఆ లైను ఏ జోనో తేల్చేలోపల నీకు రిటైర్మెంటు వస్తాది. ముందు కొలుచుకొని రాపో. మిల్లు నడిపి ఒకసారి, ఆపి ఒకసారి. మిల్లు వల్ల ఎంత పెరిగిందో రాస్తే చాలు” అన్నాడు. సద్దు కొలిచే మిషను కోలారు నుంచి రావాలి, అది వేరే చోట పనిలో ఉంది. వచ్చేదాకా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ప్రతి సోమవారం ఆయన మా ఆఫీసుకు వచ్చాడు.

వచ్చినవాడు ఊరికే కూర్చునే రకం కాదు. ఒక సోమవారం నా వెనక గోడను, పైన సజ్జను కర్రతో టకటకా కొట్టి, “ఇది డొల్ల. దీని కింద కూర్చోవద్దు” అన్నాడు. గని లోపల షిఫ్టు మొదలయ్యే ముందు తల మీది రాయిని కడ్డీతో తట్టి చూసుకునేవాళ్ళట. గట్టి రాయి గంటలా మోగుతుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. చెవులు పోయాక ఆ తేడాను చేతితోనే పట్టుకోవడం నేర్చుకున్నాడు. నేను అప్పటికప్పుడు టేబులు జరిపించుకున్నాను. ఆ సజ్జ పెచ్చు ఇప్పటిదాకా ఊడలేదు. నేనూ ఇప్పటిదాకా దాని కింద కూర్చోలేదు.

ఏదో క్యాంపులో ఇచ్చిన చెవి మిషను ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. చెవిలో మాత్రం ఉండేది కాదు. “అది పెట్టుకుంటే అంతా ఒకటే గలాటా. మనిషి యాడ, మోటరు యాడ, ఏమీ తెల్దు” అనేవాడు. ఓట్లడగడానికి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం భక్తిగా తీసి చెవిలో పెట్టుకుని, స్విచ్ వేయకుండా, వాళ్ళు చెప్పినంతసేపూ తల ఊపేవాడట. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. ఈయనా సంతోషంగానే ఉండేవాడు.

ఇంకో సోమవారం నేను టిఫిన్ డబ్బా తెరిచిన సమయానికి వచ్చి, మా చట్టం మొత్తాన్ని కొట్టిపారేశాడు. “ఇండ్లు, బజారు, ఫ్యాక్టరీ అని సుమ్నే, ఊరికే పంచినారు మీరు. సద్దులో ఉండేది మూడే రకాలమ్మా. పని సద్దు, పండగ సద్దు, పొగరు సద్దు. పని సద్దును ముట్టుకోవద్దు. పండగ సద్దు అయిపోయేదాకా ఓర్చుకో. పొగరు సద్దు ఉండాది చూడు, సైలెన్సరు పీకి బండి నడిపే నాకొడుకులు, వాళ్ళను పట్టుకొని తన్ను.” మా చట్టంలో తన్నే అధికారం మాకు లేదని చెప్పాను. “అయితే అది ఏమి చట్టం?” అని నా డబ్బాలోంచి ఒక చిత్రాన్నం ముద్ద తీసుకున్నాడు.

అన్నిటికన్నా నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న మరొకటి. “ఎంతకు మించకూడదో రాసినారే. ఎంతకు తగ్గకూడదో యాడ రాసినారు?” అని అడిగాడు. అలాంటిది ఏమీ లేదన్నాను. “అదే తప్పు” అన్నాడు. నేను నవ్వాను. మా సీనియరుకు చెబితే ఆయన ఇంకా ఎక్కువ నవ్వాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు, అర్జీ రాసిమ్మంటే రాసిస్తానని పట్టుబట్టాడు. తగ్గిన సద్దు మీద అర్జీ తీసుకునే రిజిస్టరు మా ఆఫీసులో లేదని బతిమాలి పంపించాను.

ఇలా నవ్వుకుంటూ ఉండగా ఒక రోజు ఆయన కోడలు ఒక్కతే వచ్చింది. కనుబొమ్మల మీద పిండి అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, మా మామ మాటలు మీకు తమాషాగా ఉంటాయి. నాకు తమాషా లేదు. మా ఆయన పోయినంక ఈ మిల్లుతోనే నేనూ, నా బిడ్డా, మా మామా అన్నం తింటాండాము. మీరు మూయమంటే మూస్తాను. మూసినంక ఏమి చేయాలనో అదీ మీరే చెప్పండి.”

ఆ రోజు మధ్యాహ్నమే టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెనైనా కోప్పడదామంటే ఆమె మాటలోనూ తప్పు కనబడలేదు. గోడ అదురుకు నల్లబల్ల మీది చాక్‌పీసు దానంతట అదే నడుచుకుంటూ వచ్చి కింద పడటం నాకు చూపించింది. “నేను మిల్లు మూసేయమని సంతోషంగా అడగలేదమ్మా. ఆ పిల్లను చూస్తే నాకూ పాపమే. కానీ ఈ పిల్లలకు ఇంకో టీచర్ లేదు, నాకు ఇంకో పని లేదు. నా క్లాసులో నా వాయిస్ నాకే వినబడకపోతే నేను ఎందుకు ఉండేది?” అంది. రెండు వైపులా నిజమే ఉంటే ఇన్‌స్పెక్టరుకు చాలా కష్టం. ఒకళ్ళైనా దుర్మార్గులుంటే రిపోర్టు తొందరగా అయిపోతుంది. సద్దు మీది కోపంతో టీచరమ్మ మిల్లు గడప తొక్కడం కూడా మానేసి, రాగులు ఆడించుకోవడానికి మూటతో సహా ఆటో ఎక్కి బజారుకు వెళ్ళేదట.

చివరికి కోలారు నుంచి మిషను వచ్చింది. నల్ల పెట్టెలో స్పాంజి మధ్య పసిపాపలా పడుకుని ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని ఒక రోజు పదకొండు గంటలకు లైనుకు వెళ్ళాను. పెద్దాయన స్నానం చేసి, తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. కోడలు లోపల తొట్టిలో రాగులు పోస్తోంది.

టీచరమ్మ గడప దగ్గర నిలబడి మిషను ఆన్ చేశాను. లోపల మిల్లు తిరుగుతోంది. అరవై మూడు. టీచరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని అంకె చూసి, “యాభై ఐదు కన్నా ఎనిమిది ఎక్కువ” అంది. లెక్క చెప్పడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు. పెద్దాయనకు నా మొహం చూడగానే అర్థమైంది.

“ఇంగ మిల్లు ఆపమని చెప్పు తాతా” అన్నాను.

ఆయన వాకిట్లోంచే పిడికిలి బిగించి కోడలికి చూపించాడు. గని లోపల మిషన్ల సద్దులో మాట వినబడదు కాబట్టి కార్మికులు ఆ సైగతోనే పని ఆపించేవాళ్ళట, కోడలికీ అదే నేర్పాడు. ఆమె స్విచ్ తీసింది. రాళ్ళు ఇంకో నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయాయి. లైనంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను మిషను ఎత్తి పట్టుకున్నాను. నలభై ఎనిమిది, నలభై ఏడు. అంకె స్థిరపడటానికి ఒక నిమిషం ఆగాలి. మిల్లు వల్ల ఏకంగా పదహారు పెరిగినట్టు రాయాల్సి వస్తుందని నాకు అప్పటికే తెలిసిపోయి, కోడలి వైపు చూడలేకపోయాను.

అప్పుడు మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. బనియన్ మీద ఒక ముసలాయన బయటికొచ్చి, “ఏమాయె?” అన్నాడు. ఆ వెంటనే ఏడో ఇల్లు, పదకొండో ఇల్లు. ఒకాయన గడ్డానికి సగం సబ్బు నురగతో వచ్చాడు. ఒకాయన చేతిలో కాఫీ లోటాతో, ఒకాయన ఒక కాలికే చెప్పుతో. మూడు నిమిషాల్లో లైనులో ఉన్న ముసలి గని కార్మికులంతా మిల్లు ముందరికి పరుగున వచ్చారు. పరుగంటే పరుగే, ఆ వయసులో. “ఏమాయె? ఎందుకు ఆగింది?” “ఎవరికైనా దెబ్బ తగిలిందా?” “కోడలమ్మ యాడ? చెయ్యి గిన మిల్లులో పెట్టిందా?” ఒకాయన తమిళంలో అడుగుతున్నాడు, ఒకాయన కన్నడంలో జవాబు చెబుతున్నాడు. గోడల అదురు ఆగిందని తెలిసి వచ్చారు గానీ అందరికీ చెవుడే. కాబట్టి అందరూ అరుస్తున్నారు. మిషనులో డెబ్భై ఒకటి.

“ఏమీ కాలేదప్పా, సద్దు కొలుస్తాండాము, అందరూ లోపలికి పోండి” అని బతిమాలాను. ఎవరూ కదలలేదు. ఇదంతా చూడలేక టీచరమ్మ గడప మీదికి ఎక్కి, నలభై ఏళ్ళు బడిని గడగడలాడించిన గొంతుతో, “సైలెన్స్!” అని ఒక్క కేక వేసింది.

డెబ్భై ఎనిమిది.

అంకె ఆమే ముందు చూసింది. చూసి, చేత్తో నోరు మూసుకుంది.

ముసలివాళ్ళు సగం సబ్బులతో, సగం కాఫీలతో అక్కడే నిలబడి ఉన్నారు. మిల్లు మళ్ళీ తిరిగేదాకా ఒక్కరూ ఇంట్లోకి పోలేదు. కోడలు స్విచ్ వేయగానే, అందరూ ఊపిరి పీల్చుకుని, ఏమీ జరగనట్టు ఎవరి వాకిలికి వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఇంకో రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ అదే గొడవ. మూడోసారి ఆ సబ్బు నురగాయన వచ్చి, “ఏమ్మా, మమ్మల్ని చంపాలనే ఉండావా?” అని తిట్టాడు.

“నువ్వే చెప్పి పెట్టినావు కదా వాళ్ళకు?” అని పెద్దాయనను నిలదీశాను.

“దేవుని తోడు, నేనేమీ చెప్పలేదమ్మా.” ఆయన కూడా కొంచెం బెదిరిపోయి ఉన్నాడు. “గని లోపల మిషను మోగతా ఉంటే గాలి వస్తా ఉండాదని, మనిషి బతికుండాడని లెక్క. ఆగితే ఏమో అయిందని. ఎందుకాగిందని అడగతా నిలబడినోడు పైకి రాడు, పరిగెత్తినోడే వస్తాడు. గని మూసినారని వీళ్ళ తలకు తెలుసు. కాళ్ళకు ఇంకా ఎవరూ చెప్పలేదు.”

ఎంతకు తగ్గకూడదో రాయలేదని ఆయన ఎందుకు అన్నాడో నాకు అప్పుడు తెలిసింది. మా ఆఫీసులో నేను నవ్విన నవ్వుకు సిగ్గేసింది.

రిపోర్టులో చూసింది చూసినట్టే రాశాను. మిల్లు నడుస్తుండగా అరవై మూడు. మిల్లు ఆపిన తర్వాత డెబ్భై ఒకటి. టీచరమ్మ డెబ్భై ఎనిమిదిని గౌరవం కొద్దీ వదిలేశాను. సీనియరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తలకిందులుగా పట్టుకుని మూడోసారి చూశాడు. “అంటే ఈ మిల్లు సద్దు పుట్టించేది కాదు, తగ్గించేదా? ఇట్లాంటివి ఊర్లో ఇంకో నాలుగు పెట్టించుదామా?” అన్నాడు. నేను అన్నది మాత్రం ఒకటే, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ట్యూషన్ సమయంలో మిల్లు ఆపాలని షరతు పెట్టి లైసెన్సు రెన్యూ చేద్దామని. చేశాము. లైసెన్సు కాగితం ఇచ్చిన రోజు కోడలు దాన్ని పిండి అంటకుండా కొంగులో పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ షరతును ఈ జిల్లాలో ఎవరూ ఏ షరతునూ పాటించనంతగా ఆయన పాటించాడు. నాలుగుకు పది నిమిషాలుండగా కర్ర పట్టుకుని లైను ఆ కొస నుంచి ఈ కొస దాకా ప్రతి తలుపూ తట్టి, “ఏమీ కాలేదు, మిల్లు ఆపుతాండాము! ఏమీ కాలేదు, మిల్లు ఆపుతాండాము!” అని చెప్పి వచ్చేవాడు. లైనులో రోజు మొత్తానికి అదే పెద్ద సద్దు. దాని మీద టీచరమ్మ అర్జీ పెట్టలేదు.

తర్వాత ఆ రెండు గంటలూ ఆయన తన వైపు గోడకు అరచేయి ఆనించి కూర్చునేవాడు. అవతల పిల్లలు కోరస్‌గా ఎక్కాలు చెబుతుంటే ఆ ఊపు గోడలోంచి చేతికి తెలిసేది. ఒక రోజు ట్యూషన్ అయ్యాక టీచరమ్మను ఆపి, “టీచరమ్మా, పిల్లోళ్ళు ఏడో ఎక్కం మధ్యలో తడబడతాండారు. మిల్లు రాయి మీద గాటు అరిగిపోతే ఇట్లే ఎగిరెగిరి పడతాది” అన్నాడు. మర్నాడు ఆమె పరీక్షించి చూస్తే నిజంగానే ఏడెనిమిదుల దగ్గర సగం మంది మింగేస్తున్నారు. ఆమె ఈ సంగతి నాకు చెప్పింది కానీ ఆయనకు చెప్పలేదు. “అన్నకు చెబితే రేపటి నుంచి సిలబస్ కూడా చెప్తాడు” అంది. అయినా రాగులు ఆడించుకోవడానికి మాత్రం బజారుకే వెళ్ళేది. పంతం పంతమే.

పోయిన నెల రైల్లో నాకు వచ్చిన ఫోను ఆమెదే. “మీ డెబ్భై ఐదు డెసిబెల్స్ పోయాడమ్మా” అంది. వెంటనే పెట్టేసింది.

ఆఫీసుకు వెళ్ళకుండా నేరుగా లైనుకు వెళ్ళాను. ముందు గదిలో, మిల్లు పక్కనే బెంచీ మీద పడుకోబెట్టారు. మా వైపు చావంటే తమటె డప్పు ఉండాలి, టపాకాయలు ఉండాలి. ఆయన రెండూ వద్దని ఎప్పుడో చెప్పేశాడట. “చెవిటోడి ముందర తమటె కొట్టి ఎవరికి వినిపిస్తారు?” అన్నాడట. చావు ఇంట్లో మిల్లు తిప్పరు కాబట్టి అదీ ఆగిపోయి ఉంది. లైను మొత్తం చప్పుడు లేదు. వీధిలో కుర్చీలు వేశారు గానీ ముసలివాళ్ళు ఒక్కరూ కూర్చోలేదు. నిలబడటం, నాలుగు అడుగులు వేయడం, మళ్ళీ వచ్చి గడపలోకి తొంగి చూడటం. ఏమైందో వాళ్ళకు తెలుసు. అయినా వాళ్ళ కాళ్ళు నిలవడం లేదు. కోడలు, “కూర్చోండప్పా, కాళ్ళు నొప్పి పుడతాయి” అని అందరికీ చెబుతోంది. ఆమె కళ్ళల్లో నీటిచుక్క లేదు. ఆమెను చూస్తుంటే నాకు భయమేసింది.

పక్కింటి తలుపు తెరుచుకుని టీచరమ్మ వచ్చింది. నడుము మీద పెద్ద రాగుల డబ్బా. మిల్లు గడప దాటి లోపలికి వచ్చి, డబ్బాను కోడలి ముందు పెట్టింది.

“ఇవి కొంచెం ఆడించి పెట్టు తల్లీ.”

కోడలు ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “ఈ పొద్దా టీచరమ్మా? మామను పెట్టుకొని?”

“గింజ లేకుండా తిప్పితే రాళ్ళు పాడైపోతాయని మీ మామే చెప్పేవాడు. అందుకని గింజలు తెచ్చాను. చూడు వీళ్ళను, పొద్దుటి నుంచి ఒక్కరూ కూర్చోలేదు. ఇంత నిశ్శబ్దంలో ఆ మనిషిని ఎట్ల పంపిస్తావు? ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పు. నేనే అర్జీ రాసిస్తాను.”

కోడలు లేచి, తొట్టిలో రాగులు పోసి, స్విచ్ వేసింది. రాళ్ళు తిరగడం మొదలైంది. బయట కుర్చీలు జరిపిన చప్పుడు వినబడింది. తొంగి చూస్తే ముసలివాళ్ళు ఒక్కొక్కరే కూర్చుంటున్నారు. అప్పుడు కోడలు తొట్టి పట్టుకుని ఏడ్చింది. ఆ సద్దులో ఎవరికీ వినబడదనే ధైర్యంతో గొంతెత్తి, పోయిన మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ, ఇన్నేళ్ళదంతా కలిపి ఏడ్చింది. టీచరమ్మ ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

మధ్యాహ్నం ఆయనను ఎత్తారు. వీధి మలుపు దాకా ఆడవాళ్ళు కూడా వెళ్ళాలి. కోడలు గడప దగ్గర ఆగి మిల్లు వైపు చూసింది. తొట్టిలో రాగులు అడుగంటుతున్నాయి. “నువ్వు పో, నేను చూసుకుంటాను” అని చేత్తో సైగ చేశాను. అందరూ కదిలారు. నేను ఒక్కదాన్నే మిల్లు దగ్గర నిలబడ్డాను.

జేబులో ఫోను అదిరింది. మా సీనియరు.

“యాడ ఉండావమ్మా? ఆఫీసుకు రాలేదే! వెనకాల ఏమిది, అంత సద్దు?”

“ఏమి సద్దు సార్?” అని గొంతు చించుకుని అరిచాను. “నాకేమీ వినపడలేదే!”

ఫోను పెట్టేసి, డబ్బాలో మిగిలిన రాగులు తీసి తొట్టిలో పోశాను.